ఫ్లో డైవర్టర్ వేయించుకుని ఇంటికొచ్చాక: ఏం చూసుకోవాలి, ఎప్పుడు పరుగెత్తాలి

ఒడిశాలోని రాయగడలో మాది మందుల షాపు. రెండేళ్ళ క్రితం మా అక్కకి మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బిందని తెలిసి, విశాఖ తీసుకెళ్ళి ఫ్లో డైవర్టర్ వేయించాం. అప్పటినుంచి గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు ఎవరింట్లో ఈ జబ్బు బయటపడినా ఎవరో ఒకరు నా నంబరు ఇచ్చేస్తున్నారు. అందరి ప్రశ్నా ఒకటే. "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, ఇంటికి పంపేశారు, ఇప్పుడు తలనొప్పి అంటోంది, పర్వాలేదా?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టరు మాటకి ఇది అడ్డం రాకూడదు. ఆయన దగ్గర నుంచి రెండు వందల కిలోమీటర్ల దూరంలో, రాత్రి పదకొండింటికి, ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలో అంతవరకే ఇది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. ఫ్లో డైవర్టర్ అంటే సన్నటి లోహపు తీగలతో అల్లిన జల్లెడ గొట్టం. దాన్ని బుడగలో పెట్టరు, బుడగ ఉన్న రక్తనాళంలోనే మూతికి అడ్డంగా పరుస్తారు. రక్తం బుడగలోకి జోరుగా పోకుండా తిన్నగా వెళ్ళిపోతుంది, లోపల నిలిచిన రక్తం నెమ్మదిగా గడ్డకట్టి, నెలల మీద బుడగ మూసుకుంటుంది. బుడగలో రక్తం గడ్డకట్టాలి, కానీ గొట్టంలో గడ్డకట్టకూడదు. ఈ మెలిక దగ్గరే తిప్పలన్నీ. గొట్టంలో గడ్డకడితే పక్షవాతం. అది కట్టకుండా మందు వేస్తే, ఎక్కడైనా రక్తస్రావం అయ్యే భయం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డిశ్చార్జి కాగితం మూడు జిరాక్సులు, ఫోన్లో ఒక ఫోటో. లోపల వేసిన పరికరం పేరు, సైజు ఉన్న కార్డు లేదా స్టిక్కర్ (అడగకపోతే కొన్నిచోట్ల ఇవ్వరు, అడిగి తీసుకోండి). యాంజియోగ్రాం (రక్తనాళాల బొమ్మలు తీసే పరీక్ష) సీడీ. చేతికి కట్టే బీపీ మిషన్, మణికట్టుది కాదు, పై చేతికి కట్టేది. పూటల వారీగా గదులున్న మాత్రల డబ్బా. ఒక నోటుబుక్కు. రాత్రిపూట ఎత్తే డ్రైవర్ల నంబర్లు రెండు, ఎందుకంటే ఒకడు పెళ్ళికెళ్ళి ఉంటాడు.

1. ఆసుపత్రి వదిలేముందే ఈ ప్రశ్నలు అడగండి

బిల్లు కట్టే హడావిడిలో ఇది మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం, తర్వాత వారం రోజులు ఫోన్లే.

బుడగ ఏ పక్కన, ఏ రక్తనాళంలో ఉంది? సైజెంత? రక్తం పలచబడే మాత్రలు ఏవి, ఏది ఎన్నాళ్ళు? ఆ మాత్ర ఒంట్లో పనిచేస్తోందో లేదో పరీక్ష చేశారా? మళ్ళీ స్కాను ఎప్పుడు? రాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకి చెయ్యాలి? ఇక్కడిదాకా రావడానికి ఐదు గంటలు పడుతుంది, దారిలో ఎక్కడ ఆగి సీటీ స్కాన్ తీయించమంటారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు తప్పకుండా రాయించుకోండి, దాని అవసరం ఆరో మెట్టులో వస్తుంది.

మాత్ర పనిచేస్తోందా అన్న ప్రశ్న విని కొందరు నవ్వుతారు. నవ్వకండి. రక్తం పలచబడటానికి ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర మింగగానే పనిచేసేది కాదు, కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మారిస్తేనే పనిలోకి దిగుతుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే మందకొడిగా ఉండేవాళ్ళు మన దేశంలో తక్కువేం లేరు. వాళ్ళు రోజూ శ్రద్ధగా మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. ప్లేట్‌లెట్ (రక్తాన్ని గడ్డకట్టించే కణం) ఫంక్షన్ టెస్టు అని ఒకటుంది, దాంట్లో తెలుస్తుంది. సరిగా పనిచేయకపోతే టికాగ్రెలార్ గానీ ప్రాసుగ్రెల్ గానీ రాస్తారు, రోగిని బట్టి.

వీలుంటే మొదటి వారం పది రోజులు విశాఖలోనో విజయనగరంలోనో చుట్టాలింట్లో ఉండిపోండి. బుడగ పగలడం గానీ, అదే పక్క మెదడులో రక్తస్రావం గానీ జరిగితే, అరుదే అయినా, ఎక్కువగా మొదటి నెలలోనే జరుగుతాయి. పెద్ద బుడగలకి ఆ భయం ఇంకాస్త ఎక్కువ. చుట్టాలకి ఇబ్బంది అని మొహమాటపడే సమయం కాదిది.

2. తీగ పంపిన చోటు చూసుకోవడం

గొట్టాన్ని తలదాకా చేర్చడానికి గజ్జలోనో మణికట్టులోనో రక్తనాళంలోంచి తీగ పంపుతారు. గజ్జలోంచి పంపి ఉంటే వారం దాకా బరువులు ఎత్తకూడదు, గొంతుక్కూర్చోకూడదు. మన ఇళ్ళల్లో ఇండియన్ మరుగుదొడ్డి కాబట్టి కుర్చీ కమోడ్ ఒకటి ముందే తెచ్చి పెట్టండి. కాస్త కమిలి నీలంగా ఉండటం మామూలే, అది పచ్చగా మారి రెండు మూడు వారాల్లో పోతుంది. గట్టిగా గడ్డలా ఉబ్బి రోజురోజుకీ పెరిగినా, చెయ్యి పెడితే నాడి కొట్టుకున్నట్టు అదిరినా, కాలు చల్లబడినా వెంటనే చూపించాలి. రక్తం కారితే పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డతో బలంగా అదిమి పట్టుకునే ఫోన్ చెయ్యండి. మాటిమాటికీ ఎత్తి చూడొద్దు.

పైకి ఏమీ కనపడకుండా నడుము, పొత్తికడుపు నొప్పి, కళ్ళు తిరగడం, మొహం పాలిపోవడం, బీపీ పడిపోవడం, ఇవన్నీ కలిసి వస్తే లోపల రక్తం కారుతుండొచ్చు. దాన్ని గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించకండి.

మణికట్టులోంచి చేసి ఉంటే పని తేలిక. వేళ్ళు చల్లబడటం, తిమ్మిరి, వాపు చూస్తే చాలు.

3. మాత్రలు: తప్పులన్నీ ఇక్కడే

మామూలుగా రెండు రకాలు ఇస్తారు, ఆస్పిరిన్ ఒకటి, క్లోపిడోగ్రెల్ లాంటిది ఇంకొకటి. రెండోది చాలామందికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఆస్పిరిన్ అయితే ఏళ్ళ తరబడి. తేదీ డాక్టరు చెప్పాలి, మీరు లెక్కవేసి ఆపకూడదు. ఆరు నెలలు అన్నారు కదా అని స్కాను తీయించకుండానే ఆపేసినవాళ్ళని చూశాను. గొట్టం లోపలి పొర పూర్తిగా పెరగకముందే మందు ఆగిపోతే అందులో రక్తం గడ్డకట్టొచ్చు.

తప్పు ఒకటి, మందు డబుల్ కావడం. ఇది మా ఇంట్లోనే జరిగింది. అక్కకి విడివిడిగా ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిట్యాబ్ (క్లోపిడోగ్రెల్) నడుస్తున్నాయి. గుండెదడ అని ఇక్కడే ఒక డాక్టరుకి చూపిస్తే ఆయన ఎకోస్ప్రిన్ గోల్డ్ రాశారు. బావగారు పాతవీ కొత్తదీ కలిపి వేసేశారు. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉంటాయి, పైన కొలెస్ట్రాల్ మందు. పదో రోజున ముక్కులోంచి రక్తం ఆగలేదు. మందుల షాపువాణ్ణి అయ్యుండి, ఆ చీటీ నా కౌంటర్ మీదే తెగి, నేను చూసుకోలేదు. కాబట్టి కొత్త చీటీ ఏది వచ్చినా పాత మాత్రల పట్టీలన్నీ పట్టుకెళ్ళి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు ఒక్కొక్కటే పోల్చండి. క్లోపిట్యాబ్ వేరు, క్లోపిట్యాబ్-ఏ వేరు, ఆ చివరి 'ఏ' అంటే ఆస్పిరిన్ కూడా ఉందని.

తప్పు రెండు, ఉపవాసాలు. కార్తీక సోమవారం, ఏకాదశి, ఠాకురాణి యాత్ర మొక్కు అని పొద్దుటి మాత్ర సాయంత్రానికి, సాయంత్రానిది మర్నాటికి జరిపేస్తారు. మా అక్క అయితే "మందు మింగినా ఉపవాసం పోతుందేమో" అని దాచిపెట్టింది. పోదు. ఈ మాత్రలు నడిచినన్నాళ్ళూ కటిక ఉపవాసం మానేసి పండో పాలో తీసుకుని మాత్ర వేసుకోండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

తప్పు మూడు, గ్యాస్ మాత్ర. ప్రతి ఇంట్లో ఓమెజ్ ఉంటుంది. అందులో ఉండే ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది, ఇసోమెప్రజోల్ కూడా అంతే. గ్యాస్ మాత్ర అవసరమైతే పాంటోప్రజోల్ లాంటిది అడిగి రాయించుకోండి.

తప్పు నాలుగు, నొప్పి మాత్రలు. వొవెరాన్, కాంబిఫ్లామ్, బ్రూఫెన్, ఏవీ సొంతంగా వద్దు. కడుపులో రక్తస్రావం తెస్తాయి, ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డం పడుతుంది. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్, అదీ చెప్పిన మోతాదులో. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర పిరుదుకి నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవడం ఇంకా తప్పు. రక్తం పలచబడ్డ ఒంట్లో కండకి సూది గుచ్చితే లోపల రక్తం గూడుకట్టి నిమ్మకాయంత గడ్డ లేస్తుంది.

ఒక పూట మరిచిపోతే ఏం చెయ్యాలి? రోజుకొకసారి వేసుకునే మాత్ర అయితే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసెయ్యండి. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వెయ్యొద్దు, ఆ రోజుది మాత్రమే. టికాగ్రెలార్ రోజుకి రెండుసార్లది, పూట తప్పితే తర్వాతి పూటది దాని సమయానికి వేసుకోవడమే. రెండు రోజులు వరసగా తప్పినా, వేసుకున్న వెంటనే వాంతి అయినా డాక్టరుకి చెప్పండి. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. దానికి భయపడి మానెయ్యొద్దు, ఫోన్ చేసి చెబితే ఆయనే మార్చాలో వద్దో చూస్తారు.

నిల్వ విషయం. చిన్న ఊళ్ళలో టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్ అడిగిన రోజున దొరకవు, మేమే తెప్పించి ఇవ్వాలి. చివరి పట్టీ మొదలుపెట్టాక కాదు, ఇంకా పదిహేను రోజుల మాత్రలు ఉండగానే కొనండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గుణుపురం, గజపతి వైపు ఎన్నాళ్ళు దారులు తెగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కంపెనీ మారినా మందు పేరు, మిల్లీగ్రాములు అవే అయితే పర్వాలేదు.

*సరిగా నడుస్తోందో లేదో చూసే పద్ధతి:* ప్రతి ఆదివారం రాత్రి పట్టీలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి, కొన్న తేదీతో సరిపోవాలి. మాటని నమ్మొద్దు, పట్టీని నమ్మండి.

4. రోజూ రెండు నిమిషాల పరీక్ష

ఇంటికొచ్చిన రోజే ఒక వీడియో తియ్యండి. నవ్వమనండి. రెండు చేతులూ ముందుకి చాచి కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టమనండి. "రాయగడ రైలు ఎన్నింటికి వచ్చింది" అని చెప్పమనండి, ర, ల, ట అన్నీ ఉన్న మాట కాబట్టి నాలుక తడబడితే దొరికిపోతుంది. ఒక కన్ను మూసి గోడ మీది కేలెండరు చదవమనండి, తర్వాత రెండో కన్ను. నాలుగడుగులు నడిపించండి. వీడియో ఎందుకంటే, మొదటి నుంచీ మూతి కాస్త వంకర ఉన్నవాళ్ళు ఉంటారు, నెల తర్వాత "ఇది ముందే ఉందా, ఇప్పుడొచ్చిందా" అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. వీడియో ఉంటే ఆ గొడవ ఉండదు.

రోజూ పొద్దున్న అదే వరసలో చేయించండి. కళ్ళ పరీక్ష మాత్రం ఎగ్గొట్టొద్దు. కంటికి రక్తం ఇచ్చే నాళం చాలామందిలో ఆ బుడగ పక్కనుంచే మొదలవుతుంది, గొట్టం దాని మూతి మీదుగా వెళ్తుంది. రెండు కళ్ళూ తెరిచి చూస్తే ఒక కన్ను మసకబారినా తెలీదు. తెర దించినట్టు ఒక కన్ను కనపడకపోవడం, ఒకటి రెండుగా కనపడటం, రెప్ప వాలిపోవడం, ఇవి ఆరో మెట్టు కేసులు.

బీపీ రోజుకి రెండుసార్లు, ఐదు నిమిషాలు కూర్చున్నాక. ఎంత ఉండాలో డాక్టరు చెప్పిన అంకె నోటుబుక్కు అట్ట మీద రాయండి.

పొగాకు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బీడీ, సిగరెట్టు మానాలని అందరికీ తెలుసు. మన వైపు పెద్దావిడలు అడ్డచుట్ట కాలుస్తారు, నిప్పు లోపలికి పెట్టుకుని. "అది సిగరెట్టు కాదు కదా" అంటారు. అదీ పొగే, ఈ బుడగలు పెరగడానికి, పగలడానికి పొగ పెద్ద కారణం. గుడాకు, ఖైనీ కూడా వదిలించండి.

5. తలనొప్పిని వేరు చేయడం

అందరూ అడిగేది ఇదే. బుడగ లోపల గడ్డకట్టేటప్పుడు చుట్టూ కాస్త వాపు వస్తుంది, దాంతో మొదటి రోజుల్లో, వారాల్లో తలనొప్పి చాలామందికి ఉంటుంది. ఆ పక్కనే, కంటి వెనక, ఒక మాదిరిగా వచ్చి పారాసెటమాల్‌కి తగ్గి, రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంటే నోటుబుక్కులో రాసుకుని వచ్చే విజిట్‌లో చెప్పండి.

రోజురోజుకీ పెరుగుతుంటే, పారాసెటమాల్‌కి లొంగకపోతే, అదే రోజు ఫోన్ చెయ్యాలి. పెద్ద బుడగ ఉబ్బి పక్క నరాల్ని నొక్కుతుండొచ్చు, దానికి కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇస్తారు. ఆ మందు మీకు మీరు కొనకండి, నన్ను అడిగినా ఇవ్వను.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా, జీవితంలో ఎప్పుడూ రానంత నొప్పి వచ్చి, వాంతి, మెడ పట్టెయ్యడం, మత్తు, ఫిట్స్, వీటిలో ఏదైనా తోడైతే ఇంక ఆలోచన లేదు. మైగ్రేన్ అనో, పైత్యం అనో, దిష్టి అనో పేర్లు పెట్టి తెల్లారేదాకా ఆగకండి.

తలనొప్పి కాదుగానీ, రెండు మూడు వారాలకి తల వెనకో పక్కనో ఒకచోట జుట్టు గుత్తిగా ఊడితే బెంబేలెత్తిపోతారు. ప్రొసీజరు ఎక్కువసేపు నడిస్తే ఎక్స్‌రే కిరణాల వల్ల అలా అవుతుంది, సాధారణంగా మళ్ళీ మొలుస్తుంది. డాక్టరుకి చూపించండి, నూనెలు మార్చుకుంటూ కూర్చోకండి.

6. పరుగెత్తాల్సిన రోజు

మూతి వంకర, చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, మాట ముద్దగా రావడం లేదా అర్థం కాకపోవడం, ఒక కన్ను పోవడం, నిలబడలేక తూలిపోవడం, పిడుగులాంటి తలనొప్పి, ఫిట్స్, స్పృహ తప్పడం. పది నిమిషాల్లో మళ్ళీ మామూలైపోయినా సరే, బయలుదేరాల్సిందే. ఆ పది నిమిషాలు గొట్టంలో గడ్డ మొదలైందన్న హెచ్చరిక కావచ్చు.

ముందు గడియారం చూసి రాయండి. చివరిసారి బాగున్నప్పుడు టైమెంత? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది 4.5 గంటల లెక్క మీద ఉంటుంది, తీగతో గడ్డ లాగడానికి మామూలుగా 6 గంటలు, కొందరికి స్కాను బాగుంటే 24 గంటల దాకా. రాత్రి పడుకున్నప్పుడు బాగుండి తెల్లారి లేచేసరికి చెయ్యి పడిపోతే, లేచిన టైము కాదు, పడుకున్న టైమే చెప్పాలి.

నోట్లో ఏమీ వెయ్యకండి. నీళ్ళు వద్దు, కాఫీ వద్దు, "ఒక ఎకోస్ప్రిన్ ఎక్కువ వేస్తే మంచిది కదా" అని అస్సలు వద్దు. గుండెనొప్పికి విన్న మాటని ఇక్కడ వాడతారు. లోపల గడ్డ కట్టిందో రక్తం కారిందో సీటీ తీస్తే తప్ప దేవుడికి కూడా తెలీదు, కారుతుంటే ఆ మాత్ర నిప్పులో కిరోసినే. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు పెట్టకండి.

ఎటు వెళ్ళాలి? రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకి ఐదు గంటలు వేసుకోండి. జయపురం, కోరాపుట్ వాళ్ళకి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా అంతకంటే తక్కువేం పట్టదు. అంటే తిన్నగా విశాఖ పరుగెడితే 4.5 గంటలు దారిలోనే అయిపోతాయి. అందుకే ఒకటో మెట్టులో ఆ ప్రశ్న అడగమన్నాను. చాలామందికి సరైన దారి ఏంటంటే, రాత్రిపూట కూడా సీటీ తీసే దగ్గరి చోటికి ముందు వెళ్ళి, తీసిన ఫిల్ముని ఫోన్లో మీ న్యూరో డాక్టరుకి పంపి, ఆయన, అక్కడి డాక్టరు మాట్లాడుకున్నాక ముందుకి కదలడం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది, పర్లాకిమిడి వాళ్ళకి పాతపట్నం దాటితే శ్రీకాకుళం. మీ ఊరికి ఏది దగ్గరో, అక్కడ రాత్రి సీటీ నడుస్తుందో లేదో ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే, ఒకసారి స్వయంగా వెళ్ళి అడిగి రండి. "ఉంది" అని బోర్డు ఉంటుంది, టెక్నీషియన్ సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళిపోతాడు.

108కి చేసేటప్పుడు ముందు రాష్ట్రం, జిల్లా పేరు చెప్పండి. సరిహద్దు ఊళ్ళలో ఫోను పక్క రాష్ట్రం టవరు పట్టుకుంటే కాల్ అటు వెళ్ళొచ్చు. ఇంట్లో ఒడియా సరిగా రానివాళ్ళు ఉంటే పక్కింటివాళ్ళ చేత ఒక కాగితం మీద ఒడియాలో, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించి తలుపు వెనక అంటించండి. తలలో ఫ్లో డైవర్టర్ ఉంది, ఏ తేదీన వేశారు, ఈ రెండు మాత్రలు నడుస్తున్నాయి, ఈ డాక్టరు నంబరు. మా బావగారు ఆ కాగితాన్నే ఫోటో తీసి అందరి ఫోన్లలో పెట్టారు. ఆయన చేసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

పక్షవాతం అనగానే పసరు మందుకి తీసుకెళ్ళమనే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళతో వాదించే టైము లేదు. "సరే, ముందు స్కాను తీయించి వెళ్దాం" అనండి.

7. చిన్న రక్తస్రావం, పెద్ద రక్తస్రావం

చిగుళ్ళలో కాస్త రక్తం, చేతుల మీద నీలి మచ్చలు, గడ్డం గీసుకుంటే ఆలస్యంగా ఆగడం, ఇవి ఈ మందులతో మామూలే. మెత్తటి బ్రష్ వాడండి. ముక్కులోంచి వస్తే తల వెనక్కి వంచకండి, ముందుకి వంగి కూర్చుని ముక్కు మెత్తటి భాగాన్ని వదలకుండా పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టండి. ఇరవై నిమిషాలకీ ఆగకపోతే ఆసుపత్రి.

దొడ్డికి తారులా నల్లగా, జిగటగా వస్తే, వాంతిలో రక్తమో కాఫీపొడిలాంటి చారికలో కనపడితే, మూత్రం ఎర్రగా ఉంటే వెంటనే చూపించండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి కూడా నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ లేకపోయినా సీటీ తీయించండి. మిగతావాళ్ళు లేచి దులుపుకుని వెళ్ళిపోతారు, ఈ మాత్రలు వేసుకునేవాళ్ళు అలా వెళ్ళకూడదు.

రక్తం చూడగానే భయపడి రెండు మాత్రలూ ఆపేసేవాళ్ళు ఎక్కువ. ముక్కు రక్తానికి ఆపితే తలలో గడ్డకట్టొచ్చు. ఆపాలా, దేన్ని ఆపాలి అన్నది న్యూరో డాక్టరే చెప్పాలి.

8. జ్వరం వస్తే

ఇది పెద్ద ఊళ్ళ డాక్టర్లు ప్రత్యేకంగా చెప్పరు, మన వైపు మాత్రం తెలిసుండాలి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి అంటే మలేరియా, వానాకాలంలో డెంగీ కూడా. రెండింట్లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇప్పటికే ప్లేట్‌లెట్లని పనిచేయనివ్వని మాత్రలు వేసుకుంటున్న మనిషికి వాటి సంఖ్య కూడా పడిపోతే? అందుకే జ్వరం వచ్చిన మొదటి రోజే రక్తపరీక్ష, మలేరియా పరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్ల అంకె మీ న్యూరో డాక్టరుకి పంపండి. దోమతెర సంగతి వేరే చెప్పను.

9. పన్ను పీకించాలన్నా, ఇంకో ఆపరేషన్ అన్నా

పళ్ళ డాక్టరు "రక్తం పలచబడే మందు ఐదు రోజులు ఆపి రండి" అంటారు. ఆపకండి, ముందు న్యూరో డాక్టరుతో మాట్లాడించండి. చాలా పళ్ళ పనులు మందు ఆపకుండానే చేస్తారు, ఆగగలిగినవి ఆరు నెలలు ఆగుతాయి. ఎమ్ఆర్ఐ అంటే "లోపల లోహం ఉంది, లాగేస్తుంది" అని భయపడతారు. ఇప్పటి గొట్టాలకి షరతుల మేరకు ఎమ్ఆర్ఐ తీయొచ్చు, ఆ పరికరం కార్డు స్కాను సెంటర్లో చూపించాలి, అంతే.

10. బుడగ మూసుకుందో లేదో చూడటం

మూడు నుంచి ఆరు నెలల్లో ఒక స్కాను, ఆరు నెలలకో ఏడాదికో డీఎస్ఏ యాంజియోగ్రాం (మళ్ళీ తీగ పంపి రక్తనాళాలు చూసే పరీక్ష), డాక్టరుని బట్టి మారుతుంది. ఎమ్ఆర్ఐలో గొట్టం లోహం వల్ల లోపలి బొమ్మ సరిగా రాదు కాబట్టి "మళ్ళీ తీగ పెట్టి ఎందుకు చూడాలి" అని వెనకాడకండి. వెళ్ళేముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చూపించుకోండి, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి.

మొదటి రిపోర్టులో బుడగలోకి ఇంకా కాస్త రక్తం పోతోందని ఉంటే ఏడవకండి. పెద్ద బుడగలకి పైప్‌లైన్ అనే గొట్టం వేసి చూసిన పఫ్స్ అధ్యయనంలో ఆరు నెలలకి సుమారు 74 శాతం మందికే పూర్తిగా మూసుకుంది. ఏడాదికి 87, ఐదేళ్ళకి 95 శాతం. ఆ అధ్యయనంలోనే 5.6 శాతం మందికి ఆరు నెలల్లోపు పెద్ద పక్షవాతమో, మెదడు కారణంగా మరణమో కలిగింది, అదీ తెలిసి ఉండాలి. అసలు మూసుకోకపోతే కొందరికి ఇంకో గొట్టం వేస్తారు.

రిపోర్టులో ఓకేఎం గ్రేడు అని ఏ, బీ, సీ, డీ ఉంటుంది. బళ్ళో డీ గ్రేడు వస్తే తన్నులు తిన్న మనకి ఇది తిరకాసు. ఇక్కడ డీ అంటే పూర్తిగా మూసుకుంది, ఏ అంటే బుడగ ఇంకా మొత్తం నిండుతోంది. అక్క రిపోర్టులో డీ చూసి బావగారు కారిడార్లో కూలబడిపోయారు, నర్సు వచ్చి చెప్పేదాకా లేవలేదు. ఇన్-స్టెంట్ స్టెనోసిస్ అని ఉంటే గొట్టం లోపల కొత్త పొర కాస్త మందంగా పెరిగి దారి సన్నబడిందని. చాలామందికి లక్షణాలేవీ ఉండవు, మందులు కొనసాగిస్తూ చూస్తారు, కానీ ఆ మాట కనపడితే రెండో మాత్ర ఆపే తేదీ మారొచ్చు, అడగండి.

సీడీని ఇంటికొచ్చిన రోజే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఏడాది తర్వాత పోల్చి చూద్దామంటే మాది గీతలు పడి తెరుచుకోలేదు, కొత్త డాక్టరు పాత బొమ్మ లేకుండానే చూడాల్సి వచ్చింది.